బావ అడిగిన విమానాల రేడియో

రేడియో కొనుక్కురావడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఆ మాట అన్నది నేనే. ఉప్పల్‌లో అక్కావాళ్ళ మేడ మీద చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి, "గదెంత పని బావా, ఆదివారం పోయి పట్టుకొస్త" అన్నాను. ఆ ఆదివారం నుంచి నెలన్నర పాటు నేను పడిన తిప్పలు పగవాడికి కూడా వద్దు. ఫ్యాక్టరీలో కాలిపోయిన మోటార్లు సైతం నన్ను అంతగా సతాయించలేదు.

ముందు బావ సంగతి చెప్పాలి. ఆయన బేగంపేట విమానాశ్రయం ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. విమానం దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఎర్రబండి పక్కన సిద్ధంగా ఉండటం ఆయన ఉద్యోగం. ఉద్యోగమంతా కలిపి నీళ్ళు కొట్టింది తక్కువ, కాచుకుని కూర్చున్నది ఎక్కువ. ఆ కూర్చునే గదిని వాచ్ రూమ్ అనేవారు. అందులో ఒక రేడియో సెట్టు ఎప్పుడూ ఆన్‌లో ఉండేదట. టవర్‌లో ఉన్నవాళ్ళు పైలట్లతో మాట్లాడేదంతా అందులో వినిపించేది. ఇంట్లో పిల్లల గొంతులకన్నా ఆ గొంతులనే ఎక్కువగా విన్నానని బావ నవ్వుతూ చెప్పేవాడు.

రిటైరయ్యాక షుగర్ ఆయన కళ్ళ మీదికి వచ్చింది. దవాఖానాల చుట్టూ తిరిగాం, లేజర్ కొట్టించాం. రెండేళ్ళలో చూపు మొత్తం పోయింది. పగలో రాత్రో తెలిసేది, అంతే. పేపరు పోయింది, టీవీ పోయింది, సాయంత్రం పూట చౌరస్తా దాకా నడిచి వెళ్ళడం పోయింది. మిగిలింది మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ.

ఆ కుర్చీలో ఆయన ఊరికే కూర్చునేవాడు కాదు. అప్పట్లో తూర్పు నుంచి బేగంపేటలో దిగే విమానాలన్నీ మా ఉప్పల్, నాచారం మీదుగానే పోయేవి. చక్రాలు దించుకుని, కిటికీలు లెక్కపెట్టుకునేంత కిందికి వచ్చేవి. ఇళ్ళల్లో మనుషులు మాట మధ్యలో ఆపి, విమానం దాటిపోయాక మళ్ళీ ఆపిన చోటి నుంచే అందుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది. బావ మాత్రం తల కొంచెం పక్కకు వంచి విని, "ముంబై బండి. ఇయ్యాల ఆలస్యమైంది" అనేవాడు. ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ అడగలేదు. ముసలాయన కాలక్షేపం అనుకునేవాణ్ణి.

ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు పోతుందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఒక సాయంత్రం బావ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకొక సెట్టు కావాలె రా బామ్మర్ది. విమానాలోళ్ళు మాట్లాడుకునేది ఇనబడేటిది. ఎయిర్‌పోర్టు పోయేలోపల ఒక్కసారి గా మాటలు ఇనాలె. తర్వాత ఇందామన్నా మన మీదికెళ్ళి ఒక్క విమానం గూడ రాదు."

బావ నన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు. నా ఐటీఐ ఫీజు కట్టింది ఆయన, నాచారంలో నాకు ఉద్యోగం చెప్పించింది ఆయన. అందుకే గదెంత పని అన్నాను. ఆయన వెంటనే, "జర నన్ను గూడ తీస్కపో. సెట్టు చేతిల పట్టుకుంటె నాకు ఎర్కైతది" అన్నాడు.

"కోఠీ బజార్ల గా మందిల నిన్నెట్ల తిప్పాలె బావా? నడువనీకె జాగ ఉండది. నాకు కరెంటు పని రాదా ఏంది?"

ఆయన ఇంకేదో చెప్పబోతుంటే నేను మెట్లు దిగి స్కూటర్ స్టార్ట్ చేశాను.

నాకు కరెంటు పని వచ్చు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. ఏ షెడ్డులో మోటార్ ఆగినా నన్నే పిలిచేవారు. మా చుట్టాలలో ఎవరింట్లో ఫ్యాన్ తిరగకపోయినా, మిక్సీ వాసన వచ్చినా కబురు నాకే వచ్చేది. అలాంటివాడికి ఒక రేడియో ఎంచడం రాకపోతుందా అనుకున్నాను. ఆ ధీమానే నా కొంప ముంచింది.

మొదటి ఆదివారం కోఠీ పోయాను. ఒక దుకాణం అతనికి విషయం చెప్పాను. అతను ఇటుకంత రేడియో ఒకటి తీసి ముందు పెట్టాడు. తొమ్మిది బ్యాండ్లు, బారెడు ఏరియల్, పక్కన తోలు పట్టీ.

"దీంట్ల విమానాలు పలుకుతయా?" అన్నాను.

"విమానం ఏంది సాబ్, సముద్రంల ఉన్న షిప్పు గూడ పలుకుతది."

అంత పెద్ద ఏరియల్ చూశాక ఇంక అనుమానం ఎందుకు? తెచ్చి బావ ఒళ్ళో పెట్టాను. సాయంత్రమంతా తిప్పాం. ఏదో దేశపు వార్తలు వచ్చాయి, ఎవరో ఏడుస్తున్నట్టు పాడారు, మన ఎఫ్‌ఎం వాళ్ళు నవ్వి నవ్వి చచ్చారు. నెత్తి మీద నుంచి నాలుగు విమానాలు పోయాయి గానీ సెట్టులో ఒక్క మాట పలకలేదు. ఎఫ్‌ఎం బ్యాండ్‌లో ముల్లు ఎక్కడిదాకా పోతుందని బావ అడిగాడు. నూట ఎనిమిది దగ్గర ఆగిపోతుందని చెప్పాను.

"గక్కడ ఆగిపోతె ఎట్ల రా? విమానాలోళ్ళ మాటలు నూట పద్దెనిమిదికెళ్ళి మొదలైతయి."

"ముందుగాల చెప్పొద్దా బావా?"

"చెప్త అనుకునేలోపల నువ్వు స్కూటర్ స్టార్ట్ జేస్తివి."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక దుకాణం అతని మీదికి మళ్ళించాను. తిరిగి ఇచ్చేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. "పాటలు మంచిగొస్తున్నయి తమ్మీ, వంటింట్ల ఉండనీ" అంది. అలా బావ కోసం తెచ్చిన రేడియో పోపు డబ్బా పక్కకు చేరింది. ఇంటికి పోయినప్పుడల్లా అది నన్ను వెక్కిరించినట్టే ఉండేది.

రెండోసారి తెలివిగా పోయాను. నూట పద్దెనిమిది అనే అంకె చిట్టీ మీద రాసుకుని, పాత సామాను అమ్మే గల్లీలో దుకాణం దుకాణం ఎక్కి దిగాను. సగం మంది నా ముఖం చూసి నవ్వారు. ఒకతను మరీ గొంతు తగ్గించి, ఇట్లాంటివి అడగొద్దన్నా, పోలీసులు పట్టుకుంటారన్నాడు. ఆ మాట అన్నవాడే కౌంటర్ కింద నుంచి చేతిలో పట్టుకునే సెట్టు ఒకటి తీశాడు. సెక్యూరిటీ వాళ్ళ చేతుల్లో ఉండే రకం. అంకెలు కొట్టి చూపించాడు. నూట పద్దెనిమిది అద్దం మీద పచ్చగా వెలిగింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఈసారి విమానం పైకి రాగానే సెట్టులో చప్పుడు మొదలైంది. అక్క వంట వదిలేసి పైకి వచ్చింది. నేను గెలిచినవాడిలా బావ వైపు చూశాను, ఆయనకు కనిపించదన్న సంగతి మరిచిపోయి. సెట్టులో నుంచి వచ్చింది మాట కాదు. నోటినిండా నీళ్ళు పోసుకుని మనిషి మాట్లాడుతున్నట్టు ఒక గుడగుడ. ఎవరో ఏదో చెబుతున్నారని తెలుస్తుంది, ఏం చెబుతున్నారో తెలియదు. బావ సెట్టును చెవికి ఆనించుకుని నాలుగు విమానాల దాకా విన్నాడు.

"ఇది ఎఫ్‌ఎం సెట్టు రా. వాళ్ళది ఏఎం. గా పాత పద్ధతే ఇంక నడుస్తది వాళ్ళకు. అంకె ఒక్కటే సరిపోతె కాదు, పద్ధతి గూడ కలువాలె."

"ఇదన్నా ముందుగాల చెప్పకపోతివి" అన్నాను మళ్ళీ.

అంతలో పక్క మేడ ఆయన పిట్టగోడ మీదికి వంగి, "ఏం సెట్టది? పోలీసోళ్ళదా?" అని అడిగాడు. అక్క గబగబా సెట్టు లాక్కుని కిందికి పోయి బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టింది. ఇనుడే గదా, మాట్లాడుడు కాదు గదా అని బావ ఎంత చెప్పినా వినలేదు. "గదంత నాకు తెల్వది, కేసైతె నువ్వు తిరుగుతవా కోర్టుకు?" అంది. వారం తర్వాత ఆ సెట్టును నేను బియ్యంలోంచి తవ్వి తీసుకుపోవాల్సి వచ్చింది. దుకాణం అతను దాన్ని దులిపితే గింజలు రాలాయి. వాడి చూపు చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికి ఎయిర్‌పోర్టు మారడానికి ఎంతో కాలం లేదు. ఉప్పల్ పోతే బావ ఆ మాటే ఎత్తేవాడు కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది. ఒక్కసారి మాత్రం, "పోనీ నేనే వస్త రా నీ ఎంబడి. బస్సెక్కితె ఎంత సేపు?" అన్నాడు. వద్దన్నాను. రెండుసార్లు ఆయన ముందు నవ్వులపాలయ్యాను కదా, మూడోసారి పూర్తిగా పనిచేసే సెట్టునే ఆయన చేతిలో పెట్టాలని పట్టుదల పట్టాను. ముందు నా ఇంట్లో పరీక్ష పెట్టి, అంతా బాగుంటేనే ఉప్పల్ తీసుకుపోదామనుకున్నాను. ఈ ఆలోచన నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

అదే గల్లీలో, అదే దుకాణంలో, ఈసారి అసలైన సెట్టు దొరికింది. ఎవరో ఫారిన్ నుంచి తెచ్చుకుని అమ్మేసుకున్న స్కానర్ అట. నూట పద్దెనిమిది ఉంది, ఏఎం ఉంది, పైన రెండు నాబ్‌లు ఉన్నాయి. బియ్యం సెట్టును తిరిగి ఇచ్చేసి, దాని బదులు ఇది తీసుకున్నాను. దుకాణంలో ఆన్ చేస్తే గుర్రుమంది.

"గుర్రుమంటున్నదేంది?" అన్నాను.

"గుర్రుమంటెనే నడుస్తున్నట్టు అన్నా" అన్నాడు. వాడు నిజం చెప్పడం అదే మొదటిసారి. నేను నమ్మకపోవడానికి అదే కారణం కావచ్చు.

నాచారం తెచ్చి ఇంట్లో ఆన్ చేశాను. రెండో సెట్టప్పుడు బావ చెప్పిన టవర్ నంబరు కొట్టాను. గుర్రు ఇల్లంతా నిండింది. నా భార్య వంటింట్లోంచి వచ్చి, "ఏందయ్యా గా గుర్రు? కుక్కర్ సీటీలకే నా తల పలుగుతున్నది" అంది. అనకపోయినా నేను ఆ చప్పుడు ఉండనిచ్చేవాణ్ణి కాదు. మా పనిలో చప్పుడంటేనే జబ్బు. మోటార్ బేరింగ్‌కు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాం. గరగర వినిపిస్తే బేరింగ్ పోయినట్టు. ఏ చప్పుడూ లేకుండా నున్నగా తిరిగితే మోటార్ బాగున్నట్టు. చప్పుడు పోగొట్టడమే నా ఉద్యోగం, చప్పుడు పోగొట్టినందుకే నాకు జీతం.

సెట్టు పైన ఒక నాబ్ సౌండుది. రెండోదాని కింద ఇంగ్లిషులో స్క్వెల్చ్ అని రాసి ఉంది. ఆ మాట నేనెన్నడూ వినలేదు. అడగాలంటే బావ ఉన్నది పది నిమిషాల దూరంలో. అడగలేదు. కుడివైపు తిప్పాను. కొంచెం తిప్పగానే గుర్రు ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ మొదలవుతుందేమోనని ఆఖరిదాకా, ఇంక తిరగనంత దాకా తిప్పి వదిలేశాను. బేరింగ్ మార్చిన మోటార్‌లాగా సెట్టు హాయిగా ఉంది. "అయిపోయింది, సాఫ్ చేసిన" అని నా భార్యతో గర్వంగా చెప్పాను.

ఆ సాయంత్రం మేడ ఎక్కాను. విమానం వచ్చింది, పోయింది. సెట్టు పలకలేదు. ఇంకోటి వచ్చింది, పోయింది. మర్నాడు డ్యూటీ నుంచి తిన్నగా మేడ మీదికే పోయాను. చక్రాల మధ్య నట్లు కనిపించేంత కిందుగా ఒకటి పోయింది, అయినా సెట్టు పలకలేదు. అంకెలు సరిచూశాను. బ్యాటరీలు మార్చాను. ఏరియల్‌ను పైకి, కిందికి, పక్కకు వంచాను. సెట్టును ట్యాంకు మీద పెట్టాను, ఆఖరికి నెత్తి మీద పెట్టుకున్నాను. కింద నుంచి పిల్లలు చూసి నవ్వారు. ఎన్ని చేసినా ఆ రెండో నాబ్ జోలికి మాత్రం పోలేదు. అది నేను బాగుచేసిన భాగం కదా.

అరికాలి మంట నెత్తికెక్కింది. శనివారం సెట్టు పట్టుకుని దుకాణం మీదికి పోయాను. వాడు ఆన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని, అయోమయంగా చూశాడు.

"మొన్న మంచిగ గుర్రుమన్నది గదా. నువ్వేం జేసినవ్ అన్నా?"

"గుర్రును నేనే బాగుచేసిన. మాటలే వస్తలేవు. చచ్చిన సెట్టు అంటగట్టినవ్ నాకు."

వాడికీ ఆ నాబ్ సంగతి తెలియదు. ఇద్దరం అరుచుకున్నాం. పక్క దుకాణాలవాళ్ళు తొంగి చూశారు. డబ్బులు తిరిగి ఇచ్చే పద్ధతి లేదన్నాడు వాడు, ఇంకేదైనా సామాను తీసుకోమన్నాడు. ఇంకో రేడియో వద్దు, రేడియో అనే మాట వద్దు అన్నాను. ఎదురుగా కనిపించిన ఎమర్జెన్సీ లైటు పట్టుకుని బయటికి వచ్చాను. మొండితనంలో బస్సు ఎక్కాక గానీ నాకు తెలిసిరాలేదు, చూపులేని మనిషి కోసం పోయి లైటు తెచ్చానని.

సిగ్గు చంపుకుని ఆ సాయంత్రమే ఉప్పల్ పోయాను. అక్క లైటు చూసి, "గిదేంది?" అంది. నేను కూర్చుని నెలన్నర గోసంతా వెళ్ళబోసుకున్నాను. దుకాణాలవాళ్ళను తిట్టాను, ఫారిన్ కంపెనీలను తిట్టాను, ఎయిర్‌పోర్టును తిట్టాను. మూడో సెట్టు గుర్రును ఎలా ఆపానో, ఆ తర్వాత అది ఎలా మూగబోయిందో చెప్పాను. బావ గోడకు ఆనుకుని వింటున్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు.

"దాని మీద నాబ్‌లు ఎన్ని?"

"రెండు."

"ఒకటి సౌండుది. రెండోది నువ్వు ఎంత దాక తిప్పినవ్?"

"ఆఖరి దాక."

బావ చెయ్యి ముందుకు చాపి, లేని నాబ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుతున్నట్టు చూపించాడు.

"ఎవ్వరు మాట్లాడనప్పుడు గుర్రు చెవులు తినకుండ ఆపనీకె ఉంటది గా నాబ్. గుర్రు ఏడ ఆగుతదో గాడ్నే ఇడిసిపెట్టాలె. ఇంక ముందరికి తిప్పితె గుర్రుతోని పాటు మాటలు గూడ ఆగుతయి. నువ్వు దాని నోరు కుట్టేసినవ్. మేము డ్యూటీ ఎక్కంగనే మొదటి పని గదే. నాబ్ ఎనక్కి తిప్పి గుర్రు ఇంటుంటిమి. గుర్రు ఇనబడ్డదంటె సెట్టు బతికున్నట్టు. మళ్ళ ముందరికి తిప్పి, అది బందైన కాడ ఆపుతుంటిమి. గప్పుడే రిజిస్టర్ల సంతకం."

రెండు రోజులు నా చేతుల్లోనే ఉంది ఆ సెట్టు. విమానాలు నా నెత్తి మీదుగా మాట్లాడుకుంటూనే పోయాయి. నా చేత్తో నేనే వాటి గొంతు నొక్కి, మూగదని పేరు పెట్టి, కొట్లాడి మరీ తిరిగిచ్చి వచ్చాను.

"ఒక్కసారి నన్ను అడుగొద్దా రా" అన్నాడు బావ. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. "కండ్లు పోయినయి గని, ఎర్క పోలేదు గదా."

అక్క లేచి లోపలికి పోయింది. ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే బావను వెంటబెట్టుకుని కోఠీ పోయాను. నేను భయపడినంత కష్టం ఏమీ లేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని, నాకన్నా నిబ్బరంగా నడిచాడు. బస్సులో ఏ స్టాపు వచ్చిందో మలుపులను బట్టి ఆయనే నాకు చెప్పాడు. దుకాణం అతను నన్ను చూడగానే మళ్ళీ గొడవకు వచ్చానేమోనని లేచి నిలబడ్డాడు.

"నిన్న ఇచ్చిన సెట్టు కావాలె" అన్నాను.

"గది నిన్న పొద్దుగూకనే పోయింది అన్నా. ఎవరో వచ్చి రెండు నిమిషాలు తిప్పి చూసి తీసుకపోయిండు."

"మళ్ళ వాపస్ తెచ్చిండా?" అని బావ అడిగాడు.

"తేలే."

"అయితె నడుస్తున్నట్టే" అన్నాడు బావ. ఆ గొంతులో బాధ కన్నా తృప్తి ఎక్కువ ఉన్నట్టు నాకు అనిపించింది. నా పళ్ళు పటపటమన్నాయి.

అంత దూరం వచ్చాం కదా అని ఆ గల్లీలో ఉన్న సెట్లన్నీ ఆయన చేతుల్లో పెట్టించాను. వేళ్ళతో తడిమి, నాబ్‌లు లెక్కపెట్టి, దుకాణం అతన్ని రెండు ప్రశ్నలు అడిగి, ఇది కాదు, ఇది కాదు అని పక్కన పెట్టేశాడు. నేను ఆదివారాలన్నీ తగలేసి తెలుసుకోలేకపోయింది ఆయన ఒక చాయ్ తాగేంత సేపట్లో తేల్చేశాడు. పనికొచ్చేది ఒక్కటీ లేదు. తెప్పించమంటే నెల పడుతుందన్నారు. మాకున్నది రెండు రోజులు.

ఆఖరి రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మధ్యాహ్నమే ఉప్పల్ పోయాను. ఉత్త చేతులతో పోయాను. వంటింట్లో తొమ్మిది బ్యాండ్ల రేడియో పాటలు పాడుతుంటే అక్కను అడిగి దాన్ని ఆపించాను. బావ అప్పటికే మేడ మీద ఉన్నాడు. చలువ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఇంకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకున్నాను.

ఎండ తగ్గాక విమానాలు ఒకదాని వెంట ఒకటి రావడం మొదలుపెట్టాయి. బావ తల పక్కకు వంచి వింటున్నాడు. మొదటిది పోయింది. రెండోది పోయింది. నాకు ఆ కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టుగా ఉంది. మూడోది దూరంగా కనిపించినప్పుడు నోరు తెరిచాను.

"ఇప్పుడు వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నరు బావా?"

అన్ని రోజుల్లో నేను ఆయన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన నా వైపు తిరిగాడు. ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నట్టున్నాడు. కాదని నమ్మకం కుదిరాక, కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల పైలట్ పలుకుతడు. గుడ్ ఈవెనింగ్ టవర్, ఎస్టాబ్లిష్డ్, రన్‌వే టూ సెవెన్. అంటె, దిగే దారికి సూటిగ వచ్చిన అని. గిప్పుడు టవరోడు గాలి చూసుకుంటడు." కొంచెం ఆగాడు. గాలి ఆయన చెంప మీదికి ఎటు నుంచి కొడుతుందో చూసుకుంటున్నాడని నాకు తర్వాత అర్థమైంది. "విండ్ టూ సిక్స్ జీరో, ఎయిట్ నాట్స్. క్లియర్డ్ టు ల్యాండ్."

విమానం మా మీదికి వచ్చింది. బావ మాట ఆపి, అది దాటాక అందుకున్నాడు. "క్లియర్డ్ టు ల్యాండ్, టూ సెవెన్. పైలట్ గీ మాట తిరిగి చెప్పకపోతె టవరోడు ఊకోడు. గిప్పుడు మేము బండి తలుపు మీద చెయ్యేసి నిలవడుతం."

బావకు ఇంగ్లిష్ రాదు. బ్యాంకు ఫారం నేనే నింపేవాణ్ణి. కానీ ఆ మాటలు ఆయన నోట ఎక్కడా తడబడలేదు. పైలట్ గొంతు ఒకలా, టవర్ గొంతు ఒకలా పలికాడు. టవర్‌లో ఒకాయన ముక్కుతో మాట్లాడేవాడట, ఆయన్నీ చేసి చూపించాడు. ఒక వానాకాలం గాలి మారిపోయి టవర్ మూడుసార్లు వెనక్కి పంపిన విమానం సంగతి చెప్పాడు. నేను అడుగుతూ పోయాను, ఆయన చెబుతూ పోయాడు. ముంబై బండి అని ఎలా తెలుస్తుందో అదీ అడిగాను. వేళను బట్టి సగం, ఇంజన్ గొంతును బట్టి సగం అన్నాడు. అంత సులువైన జవాబు కోసం నేను ఇన్నేళ్ళు ఎందుకు ఆగానో అర్థం కాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ సాయంత్రం ఒక్క విమానం మాట కూడా వదులుకోలేదు.

పొద్దు గూకి దీపాలు పెట్టే వేళయింది. పైన విమానాలు పలచబడ్డాయి. కింద నుంచి అక్క, "ఇంగ రండ్రి, అన్నం పెడుత" అని పిలిచింది. నేను లేచి, ఆయనకు చెయ్యి అందించాను.

"జర ఆగు. ఇంకొకటొస్తున్నది" అన్నాడు బావ.

నేను ఘట్‌కేసర్ వైపు చూశాను. ఒక్క దీపం లేదు. చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు. లేదు బావా అనబోయి ఆగి, మళ్ళీ కూర్చున్నాను. కొంతసేపటికి దూరంగా, చాలా దూరంగా, ఒక చిన్న వెలుగు కనిపించింది. అప్పటికే బావ నిటారుగా కూర్చుని, గుడ్ ఈవెనింగ్ టవర్ అంటున్నాడు.